ఇటుక బట్టీ కుటుంబాలు వెట్టిలో ఉన్నాయని ఎలా గుర్తుపట్టాలి, బయటపడ్డాక ఏం చేయాలి

మీరు అడిగింది క్లుప్తంగా ఇది. సంగారెడ్డి వైపు మీ ప్లాటు పక్కన ఇటుక బట్టీ ఉంది. దీపావళి దాటాక ఒడిశా నుంచి నలభై దాకా కుటుంబాలు దిగాయి. పిల్లలు బడికి పోవడం లేదు, చీకటితోనే పని మొదలవుతోంది. ఓనరును అడిగితే "అడ్వాన్స్ తీసుకుని ఇష్టపడే వచ్చారు, ఆదివారం సంతకు కూడా పోతారు, ఎవరు ఆపారు?" అన్నాడు. ఇది మనుషుల అక్రమ రవాణా అవుతుందా, వీడియో తీసి పెట్టమంటారా అని అడిగారు.

వీడియో మాత్రం పెట్టకండి. కారణం తర్వాత చెప్తాను. ముందు మొదటి ప్రశ్న చూద్దాం.

గొలుసులు, తాళాలు వెతికితే ఏ బట్టీలోనూ కనపడవు. చాలా బట్టీలకు ప్రహరీ గోడ కూడా ఉండదు. మనిషిని అక్కడ పట్టి ఉంచేది సర్దారు, అంటే కూలీలను కుదిర్చి తెచ్చే దళారీ, జేబులోని లెక్కల పుస్తకం. అందుకే ఓనరు చెప్పిన మూడు మాటలూ, అంటే అడ్వాన్స్, ఇష్టం, సంత, విడివిడిగా పరిశీలించాలి.

అడ్వాన్స్ సంగతి. బలంగీర్, నువాపడా, కలహండి వైపు ఊళ్లలో సర్దారులు నువాఖాయ్ పండుగ రోజుల్లో డబ్బు పంచుతారు. మన వినాయక చవితి మర్నాడే వాళ్ల నువాఖాయ్. వానాకాలం పని అయిపోయి, చేతిలో రూపాయి లేక, పండుగకు కొత్త బట్టలో, ఇంట్లో పెళ్లో, జబ్బో మీద పడిన సమయం అది. డబ్బు మనిషికి ఇవ్వరు, 'పతురియా'కు ఇస్తారు. పతురియా అంటే ఒక జట్టు, సాధారణంగా భార్యాభర్తలు, ఒక పిల్లో పిల్లాడో. పిల్లల శ్రమ మొదటి రోజే లెక్కలో చేరిపోయిందన్నమాట. తర్వాత కాంటాబంజి స్టేషన్‌లో రైలెక్కించి తెలంగాణ, ఆంధ్ర, తమిళనాడు బట్టీలకు పంపుతారు. మే, జూన్‌లో వానలు పడేదాకా అక్కడే.

1976 నాటి వెట్టిచాకిరీ నిర్మూలన చట్టం ఏమంటుందంటే, అప్పో అడ్వాన్సో తీసుకున్నందుకు బదులుగా నాలుగింటిలో ఏ ఒక్కటి పోగొట్టుకున్నా అది వెట్టే. కూలీ లేకుండా లేదా నామమాత్రపు కూలీకి పని చేయాల్సి రావడం ఒకటి. వేరే పని చూసుకునే స్వేచ్ఛ పోవడం రెండు. దేశంలో కావలసిన చోటికి వెళ్లే హక్కు పోవడం మూడు. తన శ్రమను మార్కెట్ రేటుకు అమ్ముకునే హక్కు పోవడం నాలుగు. నాలుగూ కలిసి ఉండక్కర్లేదు. నామమాత్రపు కూలీ అంటే పది, ఇరవై రూపాయలని కాదు. ప్రభుత్వం ఆ పనికి నిర్ణయించిన కనీస వేతనం కంటే తక్కువ ఏదైనా నామమాత్రమే. 1982లో ఏషియాడ్ (ఢిల్లీ ఆసియా క్రీడల) నిర్మాణ కూలీల కేసులో సుప్రీంకోర్టు, కనీస వేతనం కంటే తక్కువకు చేయించుకునే పని రాజ్యాంగం 23వ అధికరణం నిషేధించిన బలవంతపు శ్రమే అని చెప్పింది. 1984లో బంధువా ముక్తి మోర్చా కేసులో, బలవంతపు శ్రమ కనిపిస్తే దాని వెనక అడ్వాన్స్ ఉందనే భావించాలి, లేదని నిరూపించుకునే భారం యజమానిదే అని చెప్పింది.

ఇక "ఇష్టపడే వచ్చారు" అన్న మాట. భారతీయ న్యాయ సంహిత 143వ సెక్షన్ ప్రకారం మోసంతోనో, బెదిరింపుతోనో, ఆశ చూపో, అధికారం చూపో మనుషులను దోపిడీ కోసం చేర్చుకోవడం, తరలించడం, ఉంచుకోవడం అన్నీ అక్రమ రవాణాయే. బాధితులు ఒప్పుకున్నారా లేదా అన్నది ఆ నేరాన్ని తేల్చడంలో లెక్కలోకే రాదని అదే సెక్షన్‌లో రాసి ఉంది. ఒకరిని రవాణా చేస్తే కనీసం 7 ఏళ్లు, ఒకరికంటే ఎక్కువమందినైతే కనీసం 10 ఏళ్లు, పిల్లలు ఒకరికంటే ఎక్కువమందైతే కనీసం 14 ఏళ్లు జైలు.

సంత సంగతి దగ్గరగా చూడాల్సిన విషయం. వచ్చే ఆదివారం సంతకు ఎవరొస్తున్నారో చూడండి. కుటుంబం మొత్తం వస్తోందా, ఇంటికొకరే వస్తున్నారా? ఒక్కరే వచ్చి, మిగతావాళ్లు బట్టీలో ఉండిపోతే వాళ్లే జామీను అన్నమాట. వచ్చినవాళ్ల వెనక మేస్త్రీ గానీ ట్రాక్టర్ డ్రైవర్ గానీ తిరుగుతున్నాడా? ట్రాక్టర్ మీద గుంపుగా వచ్చి, గంటలో గుంపుగానే వెళ్లిపోతున్నారా? సంచిలో ఏముంది? నూకలు, ఉల్లిగడ్డలు, నూనె ప్యాకెట్టు, ఎండుచేపలు ఇంతేనా? వారం ఖర్చుకని బట్టీలో ఇచ్చే చిల్లర అంతకు మించి రాదు. ఆ ఖర్చు కూడా పుస్తకంలో అప్పు కిందే ఎక్కుతుంది.

బట్టీ దగ్గర చూడాల్సినవి ఇంకొన్ని ఉన్నాయి. తెల్లవారుజామున రెండు, మూడు గంటలకు మట్టి పిసుకుడు మొదలై ఎండెక్కేదాకా, మళ్లీ సాయంత్రం నుంచి రాత్రిదాకా సాగుతోందా? పచ్చి ఇటుకలు తిప్పుతున్నది ఎవరు? బరువు తక్కువ కాబట్టి పచ్చి ఇటుకల వరసల మీద నడిచినా అచ్చు చెదరదని ఆ పని ఐదారేళ్ల పిల్లలకు అప్పగిస్తారు. నడుం వంచితే గానీ దూరలేని పచ్చి ఇటుకల గుడిసెలు, మరుగుదొడ్డి లేకపోవడం దారుణమే గానీ, అవి ఒక్కటే వెట్టికి రుజువు కావు. అన్ని బట్టీలూ వెట్టి బట్టీలు కావు. ఖాయం చేసే ప్రశ్న ఒకటే: "రేపు పొద్దున మీ ఊరికి పోతానంటే పోనిస్తారా?" ఆధార్ కార్డు ఎవరి దగ్గరుంది, ఫోన్ ఎవరి దగ్గరుంది, ఊళ్లో తల్లి చనిపోతే ఏమైంది, ఇంతకుముందు ఎవరైనా వెళ్లబోతే ఏం చేశారు అన్నవి దాని పిల్ల ప్రశ్నలు. వీటికి జవాబు చెప్పకుండా సర్దారు వైపు చూశారంటే అదీ జవాబే. 2013 డిసెంబరులో, అడ్వాన్స్ తీసుకున్న ఇద్దరు కలహండి జిల్లా కూలీల కుడి చేతులు నరికారు. ఆ ఊళ్లలో అందరికీ తెలిసిన సంగతి అది. ఎవరూ కొట్టకపోయినా ఆ భయం పని చేస్తూనే ఉంటుంది.

కూలీ లెక్క మీరే కట్టుకోవచ్చు. ఊరికే ఉదాహరణకు: అడ్వాన్స్ 90,000, వారం ఖర్చు 600, ఆరు నెలల పని, జట్టులో ముగ్గురు. 26 వారాల ఖర్చు 15,600 కలిపితే మొత్తం 1,05,600. ముగ్గురూ 180 రోజులు చేస్తే 540 పనిదినాలు. మనిషికి రోజుకు 195 రూపాయల చిల్లర. జిల్లా లేబర్ ఆఫీసులో బట్టీ పనికి ఆ ఏడాది కనీస వేతనం ఎంతో అడిగి పక్కన పెట్టి చూడండి. "వెయ్యి ఇటుకలకు ఇంత" అని రేటు చెప్పి తికమక పెడతారు. ఎంతమంది, ఎన్ని గంటలు చేస్తే ఆ వెయ్యి అయ్యాయన్నది చెప్పరు.

మాట్లాడేటప్పుడు సర్దారును గానీ మేస్త్రీని గానీ దుబాసీగా పెట్టుకోవద్దు. అతను కూడా అదే ఊరివాడు, చాలాసార్లు చుట్టమే. ప్రశ్నలు బట్టీలో కాదు, సంతలోనో, ఆసుపత్రి దగ్గరో, అంగన్‌వాడీలోనో అడగండి. ఒకే రోజు పది ప్రశ్నలు వద్దు. "మిమ్మల్ని విడిపిస్తాం" అని అస్సలు మాటివ్వకండి. విడిపించడం మీ చేతిలో లేదు, ఆ మాట మేస్త్రీ చెవిన పడితే తెల్లారేసరికి నలభై కుటుంబాలనూ లారీ ఎక్కించి ఇంకో జిల్లాకు తరలిస్తారు. వీడియో వద్దన్నది ఇందుకే. పిల్లల ముఖాలు బయటపెట్టడం జువెనైల్ జస్టిస్ చట్టం 74వ సెక్షన్ కింద నేరం కూడా. ఫొటో తీయాలనిపిస్తే ఒక ఇటుకను తీయండి. చాలా బట్టీల ఇటుకల మీద ఓనరు ఇంటిపేరో, రెండు మూడు అక్షరాలో అచ్చుపడి ఉంటాయి. ఏ బట్టీ, ఎవరి బట్టీ అని తేల్చడానికి అది పనికొస్తుంది.

కొట్టడం, బంధించడం, ఆడవాళ్ల మీద అఘాయిత్యం, ప్రాణం మీదికొచ్చిన జబ్బు, వీటిలో ఏదైనా కళ్లబడితే ఆగకుండా 112కు ఫోన్ చేయండి. పిల్లల విషయమైతే 1098, ఆడవాళ్ల విషయమైతే 181. అంత అత్యవసరం కాకపోతే రాతపూర్వక ఫిర్యాదు మేలు. అది ఆర్డీవోకు, కలెక్టర్‌కు వెళ్లాలి, ఎందుకంటే వెట్టి చట్టం కింద విడుదల చేసే అధికారం, బాధ్యత వాళ్లవే. నకళ్లు పోలీసుల మానవ అక్రమ రవాణా నిరోధక విభాగానికి, జిల్లా న్యాయ సేవాధికార సంస్థకు పంపండి. న్యాయ సహాయం నంబరు 15100. స్టేషన్‌కు మాత్రమే వెళితే ఎక్కువసార్లు జరిగేది ఇదే: ఓనరును పిలిపిస్తారు, కూలీలకు కొంత డబ్బు, రైలు టికెట్లు ఇప్పిస్తారు, "కూలీ తగాదా, రాజీ అయింది" అని రాసుకుంటారు. ఆ కుటుంబాలకు చేతిలో కాగితం ఉండదు, అప్పు పుస్తకంలో అలాగే ఉంటుంది.

ఫిర్యాదులో "దోపిడీ జరుగుతోంది" అని రాస్తే సరిపోదు. బట్టీ ఎక్కడుందో మ్యాప్ లొకేషన్, ఇటుక మీది అక్షరాలు, సుమారు ఎన్ని కుటుంబాలు, పిల్లలెందరు, ఏ జిల్లా, వీలైతే ఏ బ్లాకు నుంచి వచ్చారు, ఎప్పుడు వచ్చారు, అడ్వాన్స్ ఎంత, ఎవరిచ్చారు, వారం ఖర్చెంత, ఎన్నింటికి పని మొదలై ఎన్నింటికి ఆగుతుంది, వెళ్తానన్నవాళ్లను ఏం చేశారు. తేదీలు వేయండి. విన్నదీ, కళ్లారా చూసిందీ వేరువేరుగా రాయండి. మీ పేరు బయటకు రావద్దని కోరుతూ ఒక లైను చేర్చండి.

విడుదల రోజున ఏం జరగాలో తెలిసి ఉంటే, జరగనప్పుడు అడగొచ్చు. రెవెన్యూ, పోలీసు, లేబర్, బాలల సంరక్షణ అధికారులు ఒకేసారి వెళ్లాలి. ఒడియా తెలిసిన మనిషి తప్పనిసరి, అందులోనూ పశ్చిమ ఒడిశా సంబల్‌పురి యాస అర్థమయ్యేవాళ్లు కావాలి. కటక్, భువనేశ్వర్ ఒడియా మాత్రమే తెలిసినవాళ్లతో సగం మాటలు జారిపోతాయి. కూలీలను బట్టీ నుంచి వేరే చోటికి తీసుకెళ్లి, భార్యనూ భర్తనూ కూడా విడివిడిగా విచారించాలి. అందరి ముందూ ఓనరు కుర్చీలో కూర్చుని ఉండగా "మీకేమైనా ఇబ్బందా?" అని అడిగితే అందరూ లేదనే అంటారు. ఆ "లేదు" ఫైలులోకి ఎక్కాక మార్చడం చాలా కష్టం.

గుడిసెలు వదిలే ముందు గిన్నెలు, బట్టలు, ఫోన్లు, ఆధార్, రేషన్ కార్డులు, బిడ్డ టీకాల కార్డు, ఇటుకల లెక్క చీటీలు అన్నీ తీసుకోనివ్వాలి. చీటీలు, ఫోన్‌లో అడ్వాన్స్ వచ్చిన మెసేజీలు, రైలు టికెట్లు సాక్ష్యాలు. మళ్లీ వెళ్లి తెచ్చుకుందామంటే ఏమీ మిగలదు. పిల్లలను 24 గంటల్లోగా బాలల సంక్షేమ కమిటీ ముందుకు తేవాలి. తల్లిదండ్రులు పక్కనే ఉన్న పిల్లలను వాళ్ల నుంచి విడదీసి హోమ్‌కు పంపడం మంచిది కాదు. ఆ కుటుంబం అప్పటికే చాలా పోగొట్టుకుంది.

ఇప్పుడు అన్నిటికంటే ముఖ్యమైన కాగితం: విడుదల ధ్రువపత్రం. అది మనిషికొకటి ఇవ్వాలి. ఎక్కువగా తప్పు జరిగేది ఇక్కడే. ఇంటి పెద్ద పేరున ఒకటి రాసి, భార్యాపిల్లలను కింద చేర్చేస్తారు. దాంతో ఆవిడకు, పిల్లలకు రావలసిన డబ్బు మొత్తం పోతుంది. 2016 కేంద్ర పునరావాస పథకం ప్రకారం వయోజన పురుషుడికి లక్ష, స్త్రీలకూ పిల్లలకూ 2 లక్షలు, లైంగిక దోపిడీ, అక్రమ రవాణా వంటి దారుణ పరిస్థితుల్లో ఉన్నవాళ్లకూ, ట్రాన్స్‌జెండర్లకూ, వికలాంగులకూ 3 లక్షలు. 2 లక్షల్లో 1.25 లక్షలు వడ్డీ వచ్చే డిపాజిట్‌లో వేసి, 75,000 ఖాతాలో వేస్తారు. వెంటనే ఇచ్చే సాయం మొదట 20,000 ఉండేది, 2022 జనవరి నుంచి 30,000 వరకు పెంచారు. ఈ తక్షణ సాయానికి కేసు తేలేదాకా ఆగాల్సిన పని లేదు. ప్రతి జిల్లాలో దీనికోసం 10 లక్షల నిధి ఉండాలని పథకంలోనే ఉంది. మిగతా డబ్బు యజమానికి శిక్ష పడటంతో ముడిపెట్టి ఉంది గానీ, వెట్టి జరిగినట్టు జిల్లా యంత్రాంగం ప్రాథమికంగా తేల్చాక, శిక్ష వివరాలు లేవన్న కారణంతో ప్రతిపాదనను ఆపకూడదు. "కోర్టులో తేలనివ్వండి" అనే ఆఫీసులో ఈ వాక్యం చూపించండి.

ధ్రువపత్రం మీద పేరు ఆధార్‌లో ఉన్నట్టే ఉందా, ఊరు, పంచాయతీ, బ్లాకు సరిగా పడ్డాయా, సంతకం, ముద్ర, తేదీ ఉన్నాయా అని రైలెక్కేముందే చూడాలి. తెలుగు అధికారి తన చెవికి వినిపించినట్టు రాసిన ఒడియా పేరుతో బలంగీర్ బ్యాంకులో డబ్బు పడదు. దిద్దించుకోవడానికి ఆ మనిషి మళ్లీ సంగారెడ్డి రాలేడు. బ్యాంకులో ఇంకో చిక్కుంది. నెలల తరబడి మట్టి, ఇటుక రాపిడికి వేలిముద్రలు అరిగిపోతాయి. యంత్రం "సరిపోలలేదు" అంటుంది, గుమస్తా తిప్పి పంపేస్తాడు. ఐరిస్‌తో (కంటిపాపతో) చేయమని అడగాలి, లేదా ఓటీపీ వచ్చేలా వాళ్ల చేతిలో ఉండే ఫోన్ నంబరే ఆధార్‌కు కలపాలి, సర్దారు నంబరు కాదు.

ఎఫ్‌ఐఆర్‌లో వెట్టి చట్టంతో పాటు 143 సెక్షన్, బాధితులు ఎస్సీ, ఎస్టీలైతే అత్యాచారాల నిరోధక చట్టం 3(1)(హెచ్) కూడా పడేలా చూడాలి. ఎస్సీ, ఎస్టీల చేత వెట్టి చేయించడం ఆ చట్టం కింద విడిగా నేరం, దానికి విడిగా పరిహారం ఉంది. సర్దారు ఒక్కణ్నే నిందితుడిగా చూపి ఓనరును వదిలేయడం మామూలుగా జరిగేదే. అడ్వాన్స్ డబ్బు ఎవరి ఖాతా నుంచి కదిలిందో పట్టుకుంటే ఆ పొరపాటు జరగదు. రావలసిన కూలీ లెక్కగట్టేటప్పుడు అడ్వాన్స్ మినహాయించకూడదు. వెట్టి చట్టం 6వ సెక్షన్‌తో ఆ అప్పు రద్దయిపోయింది. రద్దయిన అప్పును వసూలు చేస్తే 9వ సెక్షన్ కింద 3 ఏళ్ల దాకా జైలు.

ఊరు చేరాక మనుషులు కుదుటపడటం గురించి. మొదటి వారాల్లో వాళ్లకు కావలసింది తిండి, నిద్ర, వైద్యం. దుమ్ముకు పట్టిన దగ్గు ఎంతకీ తగ్గకపోతే క్షయ పరీక్ష, ఆడవాళ్లకు రక్తహీనత పరీక్ష, పిల్లలకు తప్పిన టీకాలు. అఘాయిత్యం జరిగి ఉంటే సఖి కేంద్రంలో (హింసకు గురైన ఆడవాళ్లకు సాయం చేసే ప్రభుత్వ కేంద్రం), ఆమె ఒప్పుకుంటేనే పరీక్ష, ఆమె చెప్పినంతే వినాలి. పోలీసు, లాయరు, విలేకరి, సంస్థ మనిషి ఒకరి తర్వాత ఒకరు వచ్చి అదే కథ చెప్పించుకోవడం గాయాన్ని మళ్లీ రేపడమే. ఒకసారి సరిగ్గా రాసుకున్న వాంగ్మూలాన్ని అందరూ వాడుకోవాలి. కొందరు చాన్నాళ్లు తెల్లవారుజామున మూడింటికే ఉలిక్కిపడి లేస్తారు, గట్టిగా పిలిస్తే చేతిలో పని వదిలి నిలబడిపోతారు, చిన్న విషయానికి కూడా "మీరెలా చెప్తే అలా" అంటారు. అది వినయమో కృతజ్ఞతో అనుకోవద్దు, అలవాటైన భయం అది. కాబట్టి నిర్ణయాలు వాళ్ల చేతుల్లో పెట్టండి. డబ్బుతో మేకలు కొనాలా, ఇంటి కప్పు వేయాలా అన్నది వాళ్లే తేల్చుకోవాలి. కొందరు మళ్లీ వలస వెళ్తామంటారు. వెళ్లొద్దనడం మన హక్కు కాదు. అడ్వాన్స్ లేకుండా, కూలీ రోజువారీగా తీసుకునే చోటికి వెళ్లేలా సాయపడొచ్చు.

పిల్లలకు విద్యాహక్కు చట్టం ప్రకారం ఏడాది మధ్యలో అయినా, టీసీ లేకపోయినా, వయసుకు తగ్గ తరగతిలో ప్రవేశం ఇవ్వాలి. పశ్చిమ ఒడిశా జిల్లాల్లో తల్లిదండ్రులు వలస వెళ్లే నెలలకు సీజనల్ హాస్టళ్లు నడుస్తాయి. మీ దగ్గరి బట్టీల్లో వెట్టి లేకపోయినా పిల్లలు ఉంటే, మండల విద్యాధికారిని అడిగి ఒడియా పుస్తకాలతో పని స్థలం బడి పెట్టించవచ్చు. తెలంగాణలో అలాంటి బడులు నడిచాయి.

గమనించాల్సిన తేదీలు రెండు. కేసు విచారణకు వచ్చినప్పుడు సాక్షిని వెయ్యి కిలోమీటర్లు రప్పించకుండా, వాళ్ల జిల్లా కోర్టు నుంచే వీడియో ద్వారా సాక్ష్యం తీసుకోమని న్యాయ సేవాధికార సంస్థ చేత ముందే అర్జీ పెట్టించండి. రెండోది వినాయక చవితి. దానికి నెల ముందు ఆ కుటుంబాలకు ఫోన్ చేసి మూడు సంగతులు అడగండి: డబ్బు ఖాతాలో పడిందా, ఇంట్లో బియ్యం ఉన్నాయా, సర్దారు వచ్చి పాత అడ్వాన్స్ అడిగాడా. పడలేదంటే ఆ వారమే ఇక్కడి కలెక్టరేట్‌కూ, అక్కడి కలెక్టరేట్‌కూ ధ్రువపత్రం నంబరు వేసి ఉత్తరం పంపండి. సర్దారు వచ్చాడంటే 9వ సెక్షన్ రాసి అక్కడి స్టేషన్‌లో ఫిర్యాదు ఇప్పించండి. నువాఖాయ్ దాటాక డబ్బు పడితే, అప్పటికే కాంటాబంజి వెళ్లే జీపు ఎక్కి ఉంటారు.